శుక్రవారానికి ఖాళీ బల్ల

3, సోమవారం

పొద్దున్నే అక్క ఫోన్. ఇంటికి కాదు, ఆఫీసుకి. ఆఫీసుకి చేసిందంటే చుట్టరికం పక్కన పెట్టి బడి పంతులమ్మగా మాట్లాడబోతోందని అర్థం.

"ఒరేయ్, మా బడి ముందు కాలువ మీద చెక్క వంతెన ఉందిగా, దాని మరమ్మతు ఫైలు మీ ఆఫీసులోనే ఉందట. ఎనిమిది నెలలైంది. ఇరవై ఎనిమిదిన కాలువకి నీళ్లు వదిలేస్తారు. ఆ తర్వాత ఆర్నెల్లదాకా ఎవరూ అందులోకి దిగి పని చెయ్యలేరు. కాస్త చూస్తావా?"

చూస్తానన్నాను. నలభై మంది పిల్లలు రోజూ దాని మీదే వస్తారని కూడా చెప్పింది. నాకు తెలియదా ఏమిటి! తెలిసిన సంగతి మళ్లీ చెబితే నాకు ఒళ్లు మంట.

4, మంగళవారం

కనుక్కున్నాను. ఫైలు డిజైన్ల గదిలో ఉంది. అక్కకి ఫోన్ చేసి చెప్పాను: "నా దగ్గర లేదక్కా."

"సరేరా" అంది. అంతే. ఇంకేమైనా అంటుందేమోనని రిసీవరు పట్టుకుని కాసేపు ఆగాను.

నేను చెప్పింది అబద్ధం కాదు. అయినా మధ్యాహ్నమంతా కుర్చీలో కుదురు లేదు. డబ్బాలో గుండుసూదులన్నీ బయటికి పోసి, తుప్పు పట్టినవి ఏరి పారేశాను.

5, బుధవారం

తలుచుకున్నట్టే ఫైలు నా బల్ల మీదకి వచ్చి పడింది. నూట నలభై పేజీలు. అట్ట మీద "17వ నంబరు కాలువ దాటు కట్టడం - మరమ్మతు" అని ఉంది. వంతెనని వంతెన అంటే మావాళ్ల సొమ్మేం పోతుందో!

నేను చెయ్యాల్సిందల్లా, ఇదంతా చదివి, రెండు పేజీల్లోకి కుదించి, మంజూరు చేయవచ్చని నోటు పెట్టడం. అది చుక్కలాయన దగ్గరికి, అక్కణ్ణుంచి పెద్ద మేడమ్ సంతకానికి వెళ్తుంది. చుక్కలాయన మా సూపరింటెండెంటు. ఆయన సంతకం పెట్టడు. మార్జిన్‌లో పెన్సిల్‌తో చుక్క పెడతాడు. రేపు తేడా వస్తే అది ఈగ పెట్టిందని చెప్పుకోవచ్చు కదా.

ఆయన ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఆ కుర్చీకి రెండు పేర్లు వినిపిస్తున్నాయి. ఒకటి నాది. రెండోది ఎదుటి సీటాయనది. పైకి ఎవరూ అనరు గానీ టీ తాగేటప్పుడు ఇద్దరం ఒకరి కప్పు ఒకరం చూసుకుంటున్నాం.

6, గురువారం

శుక్రవారం పదకొండింటికి వరండాలో పట్టిక పెడతారు. ఎవరి బల్ల మీద ఎన్ని ఫైళ్లు మిగిలాయో పేరుపేరునా ఉంటుంది. వేరే గదికి పంపిన ఫైలు మన లెక్కలోకి రాదు. బయటివాళ్ల జవాబు కోసం ఆపిన ఫైలూ రాదు. దాన్ని జవాబుల అరలో పెడతాం. నాకు పదకొండేళ్లుగా సున్నా. ఒక్క వారం తప్పలేదు. దానికి ఆఫీసువాళ్లు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. మా ఆవిడ దాన్ని చెప్పుల స్టాండు పైన తగిలించింది. అదేమిటే అంటే, "ఖాళీ గోడ అదొక్కటే ఉందండీ" అంది.

ఇవాళ నాలుగింటికి బల్ల మీద ఆ ఒక్క ఫైలే మిగిలింది. నూట నలభై పేజీలు చదివి నోటు రాయడమంటే మూడు రోజుల పని. పేజీలు తిప్పుతుంటే ఒక సంగతి తట్టింది. వెయ్యబోయే చెక్కల మందం ఎంత? ఎక్కడా కనబడలేదు. "చెక్కల మందం తెలపలేదు. డిజైన్ల గది పరిశీలించగలరు" అని రాసి, కింద రెండు గీతలు గీసి పంపేశాను. రెండు గీతలు గీయడం చిన్నప్పుడు పలక మీద అక్క నేర్పిన అలవాటు. రాసినదానికి మనం పూచీ అని గుర్తట.

మందం తెలియకుండా మంజూరు ఎలా ఇస్తాం? రేపు ఏదైనా అయితే? పని పక్కాగా ఉండాలి. ఇదంతా అక్క మంచికే.

7, శుక్రవారం

నాకు సున్నా. ఎదుటి సీటాయనకి రెండు.

బల్ల ఖాళీ.

9, ఆదివారం

అక్క దగ్గరికి వెళ్లొచ్చాను. ఎప్పుడూ వెళ్లేదే, మొదటి, మూడో ఆదివారాలు వెళ్తాను. ఇవాళ రెండో ఆదివారం. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. మా ఆవిడ కూడా అడిగింది. 

అక్క నన్ను వంతెన మీదకి తీసుకెళ్లింది. "ముందు నేను నడుస్తాను. నేను కాలు పెట్టిన చోటే పెట్టు" అంది. రోజూ పిల్లలు రాకముందే ఈ చివరి నుంచి ఆ చివరికి తను నడిచి చూస్తుందట. ఏ చెక్క కదులుతోందో చూసి దాని మీద సుద్దతో ఇంటూ గుర్తు పెడుతుంది. పిల్లలు ఆ గుర్తుల్ని దాటుకుంటూ గెంతుతూ వస్తారు. వాళ్లకదో ఆట. కింద కాలువ ఎండిపోయి ఉంది. అంతా రాళ్లే. పట్టుకోవడానికి ఒక పక్క తాడు కట్టారు. రెండో పక్క అదీ లేదు.

యాభై రెండేళ్లవాణ్ణి, అరవై దాటబోయే అక్క చెయ్యి పట్టుకుని దాటాను.

ఇవతలికి వచ్చాక నా మొహంలోకి చూసింది. "ఏమైనా చెప్పాలారా?"

"ఏం లేదక్కా. ఫైలు డిజైన్ల గదిలోనే ఉంది. నా దగ్గర లేదు."

"ఊఁ" అంది. తర్వాత టీ ఇచ్చింది. నాకిష్టమని చక్కెర ఎక్కువ వేసింది. సగం వదిలేశాను.

12, బుధవారం

డిజైన్ల గదిలో ఇంజనీరు కొలతలావిడ స్వయంగా వచ్చి ఫైలు నా బల్ల మీద పెట్టింది. మామూలుగా అటెండరు తెస్తాడు.

"మందం ముప్ఫై ఒకటో పేజీలో ఉందండీ. పోయినసారి కూడా మీరే అడిగారు."

పోయినసారా? నాకు గుర్తు లేదు. రోజుకి ఎన్ని ఫైళ్లు చూస్తానని! ఆవిడకేం, గీతలు గీసుకుంటూ కూర్చుంటుంది.

"పని పూర్తిగా చెయ్యాలంటే మాకు పది రోజులు కావాలి. పద్దెనిమిదికి సంతకం అయిపోతే గానీ కుదరదు. అవుతుందంటారా?"

"అవుతుంది" అన్నాను.

ఆవిడ నవ్వి వెళ్లిపోయింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

13, గురువారం

ఇవాళ నోటు రాసెయ్యాలనే వచ్చాను. ఇది నిజం. కొత్త పెన్ను కూడా తెచ్చుకున్నాను. పదింటికి అందర్నీ పై అంతస్తుకి రమ్మన్నారు. పనిలో వేగం పెంచుకోవడం ఎలా అనే విషయం మీద ఒకాయన మూడు గంటలు మాట్లాడాడు. మైకు పనిచెయ్యక, మొదటి అరగంట చెప్పిందంతా మళ్లీ చెప్పాడు. కిందికి వచ్చేసరికి భోజనాల వేళ. తర్వాత హాజరు సంతకాలు. తర్వాత వాటికి నకళ్లు.

నాలుగైంది. నూట నలభై పేజీలు. నా తల ప్రాణం తోకకి వచ్చింది.

విరిగిన చెక్కలు పదకొండు అని ఒక కాగితం ఉంది. తేదీ చూస్తే మూడు నెలల కిందటిది. ఈ మూడు నెలల్లో లెక్క మారి ఉండదా? మారితే మంజూరు తప్పు కాదా? బడికి ఉత్తరం తయారు చేయించాను: విరిగిన చెక్కల తాజా లెక్క వెంటనే పంపగలరు. పైన ఫైలు నంబరు నేనే వేసి, కింద గీతలు గీశాను. ఉత్తరం వెళ్లింది. ఫైలు జవాబుల అరలోకి వెళ్లింది.

అక్కకి ఇదెంత పని? ఓ కాగితం ముక్క. ఎల్లుండి ఉత్తరం అందుతుంది, సోమవారం జవాబు పంపిస్తుంది. అక్క ఎప్పుడూ ఆలస్యం చెయ్యదు.

14, శుక్రవారం

సున్నా. ఎదుటి సీటాయనకి ఒకటి. పాపం, వారం వారం బాగుపడుతున్నాడు.

చుక్కలాయన నన్ను గదిలోకి పిలిచి తన కుర్చీ చూపించాడు. "ఓసారి కూర్చుని చూడవయ్యా, ఎత్తు సరిపోతుందో లేదో."

"అబ్బే, ఎందుకండీ" అంటూనే కూర్చున్నాను. చేతులున్న కుర్చీ. ముప్ఫై ఏళ్లుగా చేతుల్లేని కుర్చీలోనే కూర్చున్నాను. ఇప్పుడు నా చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బల్ల ఖాళీ.

15, శనివారం

"ఆ కాలు ఊపడం ఆపండి, మంచం కదులుతోంది" అంది మా ఆవిడ. ఆపాను. అరనిమిషానికి అదే ఊగడం మొదలుపెట్టింది. "ఏమైందండీ?" అంది. ఏమీ కాలేదన్నాను.

17, సోమవారం

అక్క వంతెన మీద పడిపోయింది.

18, మంగళవారం

కాస్త కుదుటపడి రాస్తున్నాను. ప్రాణానికి ప్రమాదం లేదు. నడుస్తుంటే చెక్క విరిగి, ఎడమకాలు తొడదాకా సందులోకి దిగిపోయింది. మోకాలి కింద రెండుచోట్ల ఎముక విరిగింది. పిల్లలింకా రాలేదు, అదొక్కటే అదృష్టం. ఇప్పుడు వాళ్లని వంతెన మీదికి రానివ్వడం లేదు. చుట్టూ తిరిగి రోడ్డు మీంచి నాలుగు కిలోమీటర్లు నడిచి రావాలి. నిన్న నలభై మందిలో పద్దెనిమిది మందే వచ్చారట.

ఆసుపత్రి మంచం మీద అక్క చిన్నదైపోయినట్టు కనబడింది. నన్ను చూసి నవ్వబోయింది.

"రోజూ నడిచే వంతెనే కదక్కా. చూసుకుని నడవాలి కదా" అన్నాను. అనాల్సిన మాటేనా అది! దొరికిన మాట అనేశాను.

"రోజూ ముందుకి చూసి నడుస్తానురా. నిన్న చెక్కలు లెక్కపెడుతూ నడిచాను. శనివారం మీ ఆఫీసు ఉత్తరం వచ్చింది, తాజా లెక్క కావాలని."

మా ఆవిడ పక్కనే ఉంది. అక్కకి దిండు సర్దుతోంది. నేను కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

వచ్చేటప్పుడు అక్క చేతిసంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. "పడేసరికి లెక్క అయిపోవచ్చింది, జవాబు ఇక్కడే రాసి పెట్టాను. పద్నాలుగు అని ఉంది. పదిహేను చెయ్యి. నేను పడిన చెక్కని కలపలేదు."

"ఫైలు ఎవరి దగ్గరుందిరా?" అని అడిగింది.

"నా దగ్గర లేదక్కా" అన్నాను. నా నోరే ఆ మాట అనేసింది.

19, బుధవారం

జవాబుల అరలోంచి ఫైలు నేనే తీసుకొచ్చాను. మొదటి పేజీ నుంచి కూర్చుని చదివాను. ఇన్నాళ్లలో దీన్ని నేను మొదటిసారి చదవడం. ఆ సంగతి ఇక్కడ రాసుకోవడానికే సిగ్గుగా ఉంది.

ఫైలు ఎనిమిది నెలల్లో పదకొండుసార్లు వెనక్కి వెళ్లింది. పొడవు ఏ కొలతలో చెప్పారు? ఫొటోలు రంగుల్లో ఎందుకు లేవు? పిల్లల సంఖ్య తరగతుల వారీగా ఎందుకు ఇవ్వలేదు? మందం. మళ్లీ మందం. ఎవడ్రా ఈ మనిషి అని నాకే ఒళ్లు మండింది. పదకొండింటిలో రెండు చుక్కలాయన అడిగించినవి. రెండు ఎదుటి సీటాయన నేను సెలవులో ఉన్నప్పుడు రాసినవి. మిగతా ఏడూ నా చేతిరాతే. కింద రెండేసి గీతలు. తేదీలు క్యాలెండరు పక్కన పెట్టి చూశాను. ఏడూ గురువారాలే.

ఎవరో ఫైలు మీద కూర్చున్నారని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. డిజైన్ల గదిని తిట్టాను, చుక్కలాయన్ని తిట్టాను, మైకాయన్ని కూడా వదల్లేదు.

పద్నాలుగుని పదిహేను చేశాను.

20, గురువారం

నోటు రాశాను. ఎంతసేపు పట్టిందో తెలుసా? రెండు గంటలు. మూడు రోజుల పని అని ఎనిమిది నెలలు అనుకున్నది రెండు గంటల పని!

చుక్కలాయన చుక్క పెట్టాడు. పెద్ద మేడమ్ పర్యటనలో ఉన్నారు, సోమవారం గానీ రారు, అందాకా ఆవిడ గదిలో ఫైళ్లు తీసుకోరు. ఫోన్ మీద అనుమతి అడగమన్నాను. "సంతకం లేకుండా ఎవరు పని మొదలుపెడతారయ్యా?" అన్నాడు. అదీ నిజమే.

తర్వాత గొంతు తగ్గించి మంచి మాట చెబుతున్నట్టు చెప్పాడు. "రేపు శుక్రవారం. ఊరికే ఎందుకు పెట్టుకుంటావ్? చూసి పంపమని రాసి డిజైన్ల గదికి పంపించెయ్. సోమవారం పొద్దున్నే తెప్పించుకుందువు గానీ. పైగా ఇది ఏ వారమో మర్చిపోకు. పై వారమే ఆర్డరు."

సోమవారం తెప్పించుకోవడం అంటే ఏమిటో నాకు తెలిసినంతగా ఈ భవనంలో ఎవరికీ తెలియదు. అక్కడ ఆవిడ సెలవు పెడితే బుధవారం. అటెండరు రాకపోతే గురువారం.

"ఉండనివ్వండి" అన్నాను.

"ఏంటి?"

"నా బల్ల మీదే ఉండనివ్వండి."

ఒంట్లో బాగాలేదా అని అడిగాడు.

21, శుక్రవారం

ఒకటి.

వరండాలో జనం గుంపుగా నిలబడి చూశారు. అచ్చుతప్పు అనుకున్నారట. ఎదుటి సీటాయనకి సున్నా. ఆయన నా దగ్గరికి వచ్చాడు. నేనే ఆయన చెయ్యి పట్టుకుని బాగుందన్నాను. నిజానికి బాగాలేదు. పదకొండేళ్లు! ఇంటికొచ్చి చెప్పుల స్టాండు పైనున్న ప్రశంసాపత్రం తీసి బీరువా వెనక పెట్టాను. మా ఆవిడ చూసింది. ఆ గోడకి గొడుగు తగిలించింది.

23, ఆదివారం

చెప్పడానికే వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. గదిలోకి వెళ్లేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

"అక్కా, ఆ ఫైలు నా దగ్గరే ఉంది" అన్నాను. "ఇప్పుడే కాదు. ఇన్నాళ్లూ నా దగ్గరికే వస్తూ పోతూ ఉంది. ఆ ప్రశ్నలన్నీ అడిగింది నేనే. నువ్వు లెక్కపెడుతూ పడ్డావే, అది కూడా నేనడిగిందే."

అక్క మంచం పక్కనున్న సంచిలోంచి ఒక కట్ట తీసింది. మా ఆఫీసు నుంచి బడికి వెళ్లిన ఉత్తరాలన్నీ తేదీల వరసలో పెట్టి ఉన్నాయి. అన్నిటి మీదా ఫైలు నంబరు నా చేత్తో వేసిందే. నంబరు కింద రెండు గీతలు.

"పలక మీద నేను నేర్పిన గీతలురా ఇవి. గుర్తుపట్టననుకున్నావా?"

"ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటి ఉత్తరం నుంచే."

తెలిసి కూడా ఎనిమిది నెలలు నాకు టీ ఇచ్చింది. చక్కెర ఎక్కువ వేసి ఇచ్చింది.

"మరి ఎందుకు అడగలేదక్కా? నాలుగు తిట్టి ఉంటే..."

"మొదట్లో అనుకున్నాను, మావాడు అడిగాడంటే అవసరం ఉండే అడిగి ఉంటాడని. అందుకే అన్నిటికీ వెంటనే జవాబు రాశాను. నాలుగోదానికి అనుమానం వచ్చింది. అప్పట్నుంచీ నువ్వే చెబుతావని చూశాను. వచ్చిన ప్రతి ఆదివారమూ చూశాను." దిండు మీద వెనక్కి వాలి, "నేను కూడా తప్పే చేశానురా. పిల్లల వంతెన కంటే నా తమ్ముడి మర్యాద ఎక్కువనుకున్నాను" అంది.

ఏడ్చాను. ఆసుపత్రిలో నలుగురూ చూస్తుండగా చిన్నపిల్లాడిలా ఏడ్చాను. అక్క నన్ను ఓదార్చలేదు. ఏడవనిచ్చింది. తర్వాత కట్టని నా చేతికిచ్చి, "ఇది నువ్వుంచుకో" అంది.

24, సోమవారం

తొమ్మిదిన్నరకే పెద్ద మేడమ్ గది బయట ఫైలు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ నోటు చదివి సంతకం పెట్టడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

"ఇంత చిన్న పనికి ఎనిమిది నెలలా! ఎవరి దగ్గర ఆగింది?"

"నా దగ్గర మేడమ్."

తలెత్తి చూశారు. ఆ మాట ఆ గదిలో ఎప్పుడూ విని ఉండరు.

ఫైలు అటెండరుకి ఇవ్వకుండా నేనే మెట్లు దిగి కొలతలావిడకి ఇచ్చాను. నాలుగు రోజుల్లో స్తంభాల జోలికి వెళ్లలేమంది. పాడైన చెక్కలు మార్చి, రెండు పక్కలా గట్టి కడ్డీలు వేస్తారు. స్తంభాలు మళ్లీ కాలువ ఎండినప్పుడే. "పద్దెనిమిదిన ఇచ్చి ఉంటేనా..." అంది. ఈసారి నవ్వలేదు.

26, బుధవారం

ఎదుటి సీటాయనకి ఆర్డరు వచ్చింది. స్వీట్లు పంచాడు. తిన్నాను. రాత్రి మా ఆవిడకి చెబితే, "పోనీలెండి, చేతులున్న కుర్చీలో మీకు నిద్రొస్తుంది" అంది. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. అయినా బాధ లేదంటే అది ఇంకో అబద్ధం అవుతుంది.

28, శుక్రవారం

ఒకపూట సెలవు పెట్టాను. వంతెన పని నిన్న సాయంత్రం ముగిసింది. పాత చెక్కల మధ్య పదిహేను కొత్త చెక్కలు తెల్లగా కనబడుతున్నాయి. ఎనిమిదింటికి నీళ్లు వదిలారు. మొదట బురదగా వచ్చి, తర్వాత ఒరుసుకుంటూ నిండిపోయాయి. స్తంభాలు పాతవే. ఆర్నెల్లు నాకు మనశ్శాంతి ఉండదు. ఉండకూడదు కూడా.

అక్క పిండికట్టు వేసిన కాలు స్టూలు మీద పెట్టుకుని, బడివైపు ఒడ్డున కుర్చీలో కూర్చుంది. అవతలి ఒడ్డున పిల్లలు వరసగా నిలబడ్డారు. రోజూ ముందు నడిచి చూసే మనిషి ఇవాళ నడవలేదు కాబట్టి నేను నడిచాను. ఒక్కో చెక్కనీ కాలితో నొక్కి చూశాను. అక్క పడిన చోట రెండుసార్లు నొక్కాను. తిరిగి వస్తుంటే నా వెనక కొందరు పిల్లలు వచ్చారు. ఇంటూ గుర్తులు లేవు గనక గెంతడానికి ఏమీ లేదని ఒకమ్మాయి గొణిగింది.

ఇవతలికి వచ్చేసరికి అక్క అడిగింది. "ఇవాళ శుక్రవారం కదరా. నీ బల్ల ఖాళీయేనా?"

"లేదక్కా. ఆరు ఫైళ్లున్నాయి."

"ఎవరి దగ్గర?"

"నా దగ్గరే."

"అయితే ఇక్కడేం చేస్తున్నావ్?" అంది. "అవతల ఇంకా తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లని దాటించి త్వరగా వెళ్లు."